సగం రేకు

ఈ ఆషాఢంలో వానలు ముదరకముందే అటక మీది చెక్కపెట్టె దించాను. నాయిన పెట్టె. అందులో 41 గాజు ప్లేట్లున్నాయి, ఫిల్ముకి బదులు ఫోటో తీసేవి. అన్నీ హాఫ్ ప్లేట్లే, అంటే నాలుగూ ముప్పావు అంగుళాలకి ఆరున్నర అంగుళాలు. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. అన్నీ పూలే.

నాయిన సుల్తాన్ బజార్‌లో ఒక ఫోటో స్టూడియోలో పని చేసేవాడు. పెళ్లి ఫోటోలు, పిల్లల పుట్టినరోజు ఫోటోలు, కొలువు దరఖాస్తులకి అతికించే చిన్న ఫోటోలు, అవీ గిరాకీ. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎవరూ వచ్చేవాళ్లు కాదు. అప్పుడు ఉత్తరం వైపు అద్దాల కిటికీ దగ్గర ముక్కాలి పీట వేసి, దాని మీద ఇత్తడి చెంబు పెట్టి, వెనక బూడిదరంగు దుప్పటి కట్టి, చెంబులో పూలు సర్దేవాడు. పూల మార్కెట్ ఇప్పుడు గుడిమల్కాపూర్‌లో ఉంది గానీ అప్పుడు మొజంజాహీ దగ్గర జాంబాగ్‌లోనే. పొద్దున అమ్ముడుపోనివి మధ్యాహ్నానికి సగం ధరకిచ్చేవాళ్లు. ప్లేట్లకి మాత్రం జీతంలోంచి పట్టుకునేవాళ్లు. "గిన్ని మొకాలు తీస్తవు, మళ్ల పూలెందుకు నాయినా?" అని ఒకసారి అడిగాను. "పువ్వు రెప్ప కొట్టదు బిడ్డా" అన్నాడు. కిటికీ వెలుతురుకి ఒక్కో ప్లేటుకి ఏడెనిమిది సెకన్లు లెన్సు మూత తీసి ఉంచాలి. అంతసేపు కదలకుండా కూర్చున్న మనిషిని ఆయన చూసి ఉండడు.

ఆయన తీసిన వేల మొహాల్లో ఇప్పుడు ఒక్క ప్లేటు కూడా లేదు. స్టూడియో చేతులు మారినప్పుడు కొత్త యజమాని పాత ప్లేట్లన్నీ వేడి సోడానీళ్లలో నానబెట్టించి, పైపొర గీకించి, గాజుని పటాలు కట్టేవాళ్లకి అమ్మేశాడు. ఆ గీకే పని కూడా నాయినతోనే చేయించాడు. ఆ వారమంతా ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడని అమ్మ చెప్పేది. పూల ప్లేట్లు సొంత డబ్బుతో కొన్నవి కాబట్టి మిగిలాయి.

ఇంగ్లండులో చార్లెస్ జోన్స్ అనే తోటమాలి ఉండేవాడు. కూరగాయల్ని, పళ్లని, పూలని ఒక్కొక్కటిగా, మనుషుల్ని తీసినంత శ్రద్ధగా తీశాడు. బతికుండగా ఎవరికీ తెలియదు. 1981లో లండన్‌లో బెర్మండ్సీ సంతలో ఆయన ప్రింట్లు కొన్ని వందలు దొరికాయి, గాజు ప్లేట్లు మాత్రం దొరకలేదు. తాత ఆ గాజుల్ని మొలకల మీద కప్పులుగా పెట్టేవాడని ఆయన మనవరాలు చెప్పిందట. అది చదివిన రోజు నాకు సోడానీళ్ల వాసన గుర్తొచ్చింది. కానీ జోన్స్ తన చేతులతో తన తోటలో వేసుకున్నాడు. దానికీ దీనికీ చాలా తేడా ఉంది.

పెట్టె దించింది ప్లేట్లని ఫోన్‌లోకి ఎక్కించడానికి. నా మనవరాలు సెలవుల్లో వచ్చింది, తొమ్మిదో తరగతి. ల్యాప్‌టాప్‌లో తెల్ల పేజీ తెరిచి, దాని మీద రెండు పెన్సిళ్లు అడ్డంగా పెట్టి, వాటి మీద ప్లేటు ఆనించి తీసేది. పదో ప్లేటు దగ్గర ఆగింది. గులాబీల మీద మబ్బు కమ్మినట్టు తెల్లటి నూగు. నా పాత మైక్రోస్కోపు కింద పెట్టి చూశాం. బూజు. సన్నటి దారాలు రేకుల అంచుల మీదుగా కొమ్మలు కొమ్మలుగా పాకి ఉన్నాయి.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. తడిపిన దూది తీసుకుని మెల్లగా ఒక్కసారి తుడిచాను. బూజుతోపాటు గులాబీ కూడా వచ్చేసింది. అంగుళం మేర వట్టి గాజు మిగిలింది. బూజు పట్టిన జిలెటిన్ నీళ్లు తగిలితే కరిగిపోతుంది. 31 ఏళ్లు డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పిన దాన్ని, ఆ ముక్క నాకు ముందే తట్టాల్సింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీ ఇంట్లో ఇలాంటి ప్లేట్లుంటే దయచేసి తడి తగలనివ్వకండి. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపి, ఒక్కోదాన్ని మంచి కాగితంలో చుట్టి, నిలువుగా పెట్టండి. అంతకుమించి ఏమీ చేయొద్దు.

"అమ్మమ్మా, బూజు గాజుని తింటుందా?" అని అడిగింది పిల్ల.

గాజునెందుకు తింటుంది? దాని మీద పూసిన జిలెటిన్‌ని తింటుంది. జిలెటిన్ అంటే ఏమిటో చెప్పడానికి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి పెద్ద పాఠం అక్కర్లేదు. రంజాన్ నెలలో పాతబస్తీలో పాయా తాగారా? రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన మేక కాళ్ల పులుసు. రెండు గుక్కలు తాగేసరికి పెదాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆ జిగురే. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి తొణకకుండా గడ్డకట్టి ఉంటుంది. ఫోటో ప్లేట్లకి వాడే జిలెటిన్ ఎక్కువగా పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీస్తారు. చాలా శుభ్రంగా తీస్తారు, కానీ పదార్థం అదే. ఆ జిలెటిన్‌లో వెండి లవణాన్ని నలుసులు నలుసులుగా కలిపి గాజు మీద పోస్తే ప్లేటు తయారు.

క్లాసులో కప్పల కోతలు ఆగిపోయాక నేను ఎక్కువగా ఎముకల మీదే పాఠం చెప్పేదాన్ని. ప్రతి ఏడాదీ మొదటి వారం ఒక కోడికాలి ఎముకని పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో నాలుగు రోజులు నానబెట్టేదాన్ని. సున్నమంతా కరిగిపోయి ఎముక రబ్బరులా వంగేది. పిల్లలతో దాన్ని ముడి వేయించేదాన్ని. ఇంకో ఎముకని నిప్పుల మీద బాగా కాల్పించేదాన్ని. అది ఆకారం చెడకుండా నిలబడేది గానీ వేలితో నొక్కితే సుద్దలా పొడయ్యేది. మొదటిదాంట్లో సున్నం పోయి కొల్లాజెన్ మిగిలింది, రెండోదాంట్లో కొల్లాజెన్ కాలిపోయి సున్నం మిగిలింది. ఆ కొల్లాజెన్‌ని వేడినీళ్లలో మరిగిస్తే వచ్చేదే జిలెటిన్.

కొల్లాజెన్ కట్టుబడి విప్పినవాళ్లలో మనవాళ్లున్నారు. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి అది మూడు పేటల తాడులా మెలితిరిగి ఉంటుందని చెప్పారు. మూడు పోగులు అంత దగ్గరగా ఇమడాలంటే ప్రతి మూడో పూస అన్నిటికంటే చిన్నదై ఉండాలి. ఆ పూస గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం. స్పంజికల నుంచి మనదాకా జంతువుల్లో కొల్లాజెన్ ఉంది. మన చర్మం, నరాల చుట్టూ పొర, కంటి ముందు పారదర్శకంగా ఉండే పొర, అన్నీ దానితోనే నిలబడ్డాయి. మొక్కల్లో అది లేదు. మొక్కలు తమ కణాల గోడల్ని సెల్యులోజ్‌తో కట్టుకున్నాయి.

అంటే మా నాయిన చామంతులు 60 ఏళ్లుగా నిలబడి ఉన్నది చామంతి ఎన్నడూ తయారుచేసుకోలేని పదార్థం మీద. ఇది పిల్లకి చెబుతుంటే నాకే ఒళ్లు జలదరించింది.

మొదట్లో అలా ఉండేది కాదు. ఫ్రాన్సులో అడాల్ఫ్ బ్రాన్ 1850లలో పూల గుత్తుల్ని వందల సంఖ్యలో ఫోటోలు తీశాడు. బట్టల మీద పూల డిజైన్లు వేసేవాళ్లు చూసి గీసుకోవడానికని మొదలుపెట్టాడు. 1855లో పారిస్ ప్రదర్శనలో పెడితే జనం అబ్బురపడ్డారు. ఆయన వాడింది కొలోడియన్, అంటే పత్తిని ఆమ్లాలలో నానబెట్టి, ఈథర్‌లో కరిగించిన ద్రావకం. అప్పుడు పువ్వు పత్తి మీద నిలిచింది. కాగితం మీద ప్రింటు కోడిగుడ్డు తెల్లసొనలో నిలిచింది. కానీ కొలోడియన్ ప్లేటుని తడి ఆరకముందే తీసి, ఆరకముందే కడగాలి. పైగా ఆ ఈథర్ ఆవిరి మనిషిని తినేస్తుంది. దాన్ని వదిలించుకోవాలని 1871లో జిలెటిన్ వాడి చూడమన్నది రిచర్డ్ లీచ్ మాడక్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు. ఆయన మైక్రోస్కోపు కింద కనపడే సూక్ష్మ రూపాల్ని ఫోటోలు తీసేవాడు, ఈథర్ వల్ల ఆరోగ్యం చెడింది. పొడి ప్లేటు అలా పుట్టింది. మా నాయిన మధ్యాహ్నం తీసి సాయంత్రం స్టూడియో మూశాక కడుక్కోగలిగాడంటే ఆ డాక్టరు పుణ్యం.

ఇంకో ముక్క ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. కొన్ని జిలెటిన్‌లతో చేసిన ప్లేట్లు వెలుగుకి చురుగ్గా ఉండేవి, కొన్ని మందకొడిగా ఉండేవి. ఎందుకో చాలా కాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1925లో కొడాక్ పరిశోధనశాలలో శామ్యూల్ షెపర్డ్ పట్టుకున్నాడు. జిలెటిన్‌లో లవలేశంగా ఉండే గంధకపు పదార్థాలు వెండి నలుసుల్ని వెలుగుకి సిద్ధం చేస్తున్నాయి. ఆవాలకి ఆ ఘాటు ఇచ్చే పదార్థం జాతివే అవి. పశువులు మేతలో ఆవ జాతి మొక్కలు నమిలితే ఆ ఘాటు తోలులోకి, ఎముకలోకి చేరి, అక్కడి నుంచి ప్లేటులోకి వచ్చేది. చేలో పూసిన ఆవపువ్వు పశువు ఒంట్లోంచి నడిచొచ్చి ఇత్తడి చెంబులోని చామంతిని పట్టుకుంది. దీన్ని నేను ఎన్నిసార్లు చెప్పినా నాకు పాతబడదు.

మళ్లీ పాయా దగ్గరికొస్తాను, ఎందుకంటే ఆ గిన్నెలో ఇంకో పాఠం ఉంది. ఈసారి పొడుగు నల్లి ఎముకని చీకి పక్కన పడేయకుండా కడిగి చూడండి. ముందువైపు నిట్టనిలువుగా సన్నటి గాడి ఉంటుంది. కింద కొస రెండుగా చీలి ఉంటుంది. ముందుకాలిదైతే అది మన అరచేతిలో నడిమి వేలికీ ఉంగరపు వేలికీ ఆధారమైన రెండు ఎముకలు. మేకలో కలిసిపోయి ఒకటయ్యాయి. ఆ గాడి వాటి అతుకు. రెండు గిట్టలూ ఆ రెండు వేళ్ల గోళ్లు. మిగతా వేళ్లు తగ్గిపోయాయి. నేను 31 ఏళ్లు చెప్పిన పాఠం నిజానికి ఒక్కటే ప్రశ్న: ఏది ఏ చోట ఉంది, ఆ చోట ఇదివరకు ఏముండేది? గబ్బిలం రెక్క దగ్గర అదే ప్రశ్న, తిమింగలం తెడ్డు దగ్గర అదే. పిల్లలు పేర్లు బట్టీపట్టి మర్చిపోయినా ఈ ప్రశ్న గుర్తుంటే చాలనుకునేదాన్ని.

నాయిన ప్లేట్లలో నేను మొదటిసారి తప్పు పట్టింది గులాబీని. ఆరేడేళ్లుంటాయేమో నాకు. ఎర్ర గులాబీ ప్రింటులో బొగ్గులా ఉంది. పక్కనే నీలం శంఖుపూలు తెల్లగా వెలిసిపోయి ఉన్నాయి. "గీ ప్లేటుకు ఎర్రది కనవడదు బిడ్డా" అన్నాడు. అందుకే డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు పెట్టుకుని పని చేసుకోవచ్చని, అందుకే ఆడవాళ్ల కుంకుమబొట్టు ఫోటోలో నల్లగా వస్తుందని చూపించాడు. అవి ఆర్థోక్రోమాటిక్ ప్లేట్లు. వెండి లవణానికి తనంత తానుగా నీలం, అతినీలలోహితం వైపే చూపు. 1873లో హెర్మాన్ ఫోగెల్ కొన్ని రంగులు కలిపితే ఆకుపచ్చ, పసుపు కూడా చూస్తుందని కనిపెట్టాడు. ఎరుపు చూసే ప్లేట్లు తర్వాత వచ్చాయి గానీ అవి ఖరీదు, స్టూడియోలో ఉండేవి కావు.

ఎమ్మెస్సీలో తేనెటీగ కన్ను గురించి చదువుతుంటే ఆ మాట మళ్లీ వినపడింది. 1914లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ తేనెటీగకి రంగులు తెలుస్తాయని రుజువు చేశాడు. దానికి తెలిసేవి అతినీలలోహితం, నీలం, ఆకుపచ్చ. ఎరుపు దానికి చీకటి. నాయిన ప్లేటుకి కనపడే పువ్వు, తేనెటీగకి కనపడే పువ్వు ఇంచుమించు దగ్గర చుట్టాలు. ఎర్ర మందారం దాని కోసం పూసింది కాదు. తేనెపిట్టలాంటి పక్షులకి కంట్లో నాలుగు రకాల రంగు గ్రాహకాలున్నాయి, అందులో ఒకటి ఎరుపుది. పాలిచ్చే జంతువుల్లో ఎక్కువ వాటికి రెండే. మన వానర వంశంలో మాత్రం ఒక జన్యువు రెండుగా అచ్చుపడి, రెండోది కాస్త మారి, ఎరుపూ ఆకుపచ్చా విడిగా తెలిశాయి. ఆ జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉన్నాయి కాబట్టే ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లలో మగవాళ్లు ఎక్కువ.

పూల ఫోటోల పుస్తకం నాకు దొరికింది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఒక ఆదివారం. కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ ఫోటోలు. బెర్లిన్‌లో విద్యార్థులకి ఆకృతులు నేర్పడానికి మొక్కల మొనల్ని, మొగ్గల్ని ఎన్నో రెట్లు పెద్దవి చేసి తీశాడు. 1928లో పుస్తకంగా వచ్చాయి. శరీర నిర్మాణం చదివినదాన్ని కాబట్టి ఆయన్ని మెచ్చుకోవాలి, మెచ్చుకుంటాను. ప్రతి బొమ్మా శుభ్రం చేసిన అస్థిపంజరంలా ఉంటుంది. కానీ నాకు బ్రాన్ గుత్తులే ఇష్టం. ఒకదాని మీద ఒకటి వాలి, కొన్ని తలలు వంచి, బుట్టలోంచి అప్పుడే దించినట్టుంటాయి. నాయినవీ అలాగే ఉంటాయి. ఆయన బ్రాన్ పేరు ఎప్పుడూ విని ఉండడు. ఫోటోగ్రాఫర్లలో ఆయన తలెత్తి పలికిన పేరు ఒక్కటే, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన లాలా దీన్ దయాళ్.

ఇక 17వ ప్లేటు.

అది ముద్దమందారం, ఒక్కటే పువ్వు, చెంబు అంచు మీద వాలి ఉంది. మైక్రోస్కోపు అక్కర్లేదు, భూతద్దం చాలు. ఒంటిరెక్క మందారంలో అయిదు రేకులు, నడుమ పొడుగ్గా ఒక గొట్టం, దాని చుట్టూ పుప్పొడి తలలు మోసే కేసరాలు. ముద్దమందారంలో ఆ కేసరాలే రేకులవుతాయి. పువ్వుకి రేకులు ఎక్కడినుంచో కొత్తగా రాలేదు. కేసరం ఉండాల్సిన చోట రేకు వచ్చింది. రేకూ కేసరమూ అన్నీ ఆకు మారిన రూపాలేనని 1790లోనే జర్మన్ కవి గోథె రాశాడు. 1894లో విలియం బేట్‌సన్ ఇలా ఒక అవయవం ఉండాల్సిన చోట ఇంకో అవయవం రావడానికి హోమియోసిస్ అని పేరు పెట్టాడు. పూలకీ జంతువులకీ కలిపి ఒకే పేరు. పండ్ల ఈగల్లో కొన్నిటికి తల మీద మీసం ఉండాల్సిన చోట కాలు మొలుస్తుంది. కొందరు మనుషులకి మెడ ఏడో వెన్నుపూస దగ్గర పక్కటెముక వస్తుంది. ముద్దమందారానికి కేసరం చోట రేకు వస్తుంది.

తర్వాత జన్యువులు దొరికాయి. ఈగలో ఏ చోట ఏది రావాలో చెప్పేవి హాక్స్ జన్యువులు. నాలుగు రెక్కల ఈగల మీద దశాబ్దాలు పనిచేసిన ఎడ్వర్డ్ లూయిస్‌కి 1995లో నోబెల్ వచ్చింది. పూలలో ఆ పని చేసేవి వేరే కుటుంబానివి, మాడ్స్ జన్యువులు. 1991లో కోయెన్, మెయరోవిట్జ్ వాటి లెక్క చెప్పారు: మూడు రకాల ఆజ్ఞలు, అందులో మూడోది తప్పితే కేసరం చోట రేకు. ఈగా మందారమూ విడిపోయింది ఒంటికణం రోజుల్లో. రెండూ తమ ఒళ్లు వేర్వేరుగా కట్టుకున్నాయి, వేర్వేరు జన్యువులతో. అయినా రెండూ చోటుకొక గుర్తు పెట్టుకునే పద్ధతికే వచ్చాయి, కాబట్టి రెండూ ఒకే రకంగా తప్పుతాయి.

17వ ప్లేటులో లోపలి వరస రేకుల్లో ఒకటి మిగతావాటిలా లేదు. సన్నగా, ఒక పక్కకి మెలితిరిగి ఉంది. అంచున ఆవగింజంత చుక్క. అది పుప్పొడి తల. రేకవుతూ అవుతూ కేసరం తన తలని పూర్తిగా వదులుకోలేదు. నాయిన లెన్సుని సరిగ్గా దాని మీద నిలిపాడు. ముందు రేకులు కాస్త మసక, వెనక చెంబు మసక, ఆ చుక్క మాత్రం సూదిమొనలా ఉంది.

ప్లేటు చుట్టిన కాగితం మీద పెన్సిల్‌తో ఉర్దూలో రెండు మాటలున్నాయి. నాయిన నిజాం కాలంలో ఏడో తరగతి దాకా ఉర్దూలోనే చదివాడు. లెక్కలు, చిట్టాలు అన్నీ ఉర్దూలోనే రాసుకునేవాడు. నాకు రాదు. పక్క ఫ్లాట్‌లో ఉర్దూ టీచరుగా చేసి రిటైరైన ఆవిడుంది, ఆపా అంటాను. కాగితం పట్టుకెళ్లాను. వెలుతురు వైపు తిప్పి చదివింది.

"ఆధీ పంఖుడీ."

సగం రేకు.

బేట్‌సన్ పుస్తకం నేను ఎమ్మెస్సీ లైబ్రరీలో తిరగేసేనాటికి నాయిన ఈ కాగితం రాసి చాలా ఏళ్లయి ఉంటుంది. పరీక్షకి చదువుకుంటూ ఇంట్లో అదే సంగతి పైకి వల్లెవేసేదాన్ని. వరండాలో కూర్చుని వినేవాడు. నాకు తెలుసనీ చెప్పలేదు, నేను ఫోటో తీశాననీ చెప్పలేదు. నేనూ ఆ పెట్టెలో ఏముందని ఎన్నడూ అడగలేదు.

నిన్న పొద్దున వాన తెరిపిచ్చాక మనవరాలూ నేనూ కిందకి దిగాం. కాంపౌండ్ గోడ పక్కన వాచ్‌మన్ భార్య వేసిన ముద్దమందారం ఉంది. ఆవిడని అడిగి ఒక పువ్వు కోశాం. వాకిలి ఊడ్చుకుంటున్న ఆవిడ కూడా చీపురు పక్కన పెట్టి వచ్చింది. పిల్ల రేకుల్ని ఒక్కొక్కటే ఊడదీసి, పాత పేపరు మీద వరసగా పెట్టింది, నేను క్లాసులో వెన్నుపూసలు పెట్టించినట్టు. బయటివి వెడల్పు, లోపలికి పోయేకొద్దీ సన్నం. పదహారో రేకు అంచున పసుపు చుక్క కనపడింది.

"ఇగో అమ్మా, గిదేంది?" అంది వాచ్‌మన్ భార్య ముందుగా.

భూతద్దం ఆవిడ చేతికిచ్చాను.